కమ్మెచ్చు మీద లోహాలు: రాగి 3.25 నుంచి 0.30 మి.మీ. దాకా, తగరం దగ్గర వచ్చిన తంటా

పని ఇది: మామూలు ఉక్కు కమ్మెచ్చులోంచి (వరసగా సన్నబడే బెజ్జాలున్న పలక) ఆరు లోహాలను తీగలుగా లాగడం, ఏది ఎంతవరకు వస్తుందో, ఎక్కడ తెగుతుందో, ఎందుకు తెగుతుందో కొలిచి రాసుకోవడం. తాంతవత అంటే తీగగా సాగే గుణం అని బడి పుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. బల్ల దగ్గరికి వచ్చేసరికి అది రెండు గుణాలవుతుంది. రెండు చివరలూ పట్టి లాగితే ఎంత సాగుతుందన్నది ఒకటి. బెజ్జంలోంచి లాగితే తెగకుండా బయటికి వస్తుందా అన్నది ఇంకొకటి. మొదటి పరీక్షలో తగరానికి మంచి మార్కులే వస్తాయి, రెండోదాంట్లో తీగ చేతిలోనే తెగిపోతుంది. ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది.

దశ 0: సరంజామా

1. కమ్మెచ్చు: గట్టిపరచిన ఉక్కు పలక, 3.0 నుంచి 0.3 మి.మీ. దాకా 0.1 మి.మీ. తేడాతో బెజ్జాలు. కంసాలి సామాన్ల దుకాణంలో దొరికే రకమే.
2. లాగుడు బల్ల: మీటరున్నర పొడవున్న టేకు దిమ్మ, ఒక చివర చేతి వించ్, రెండో చివర కమ్మెచ్చుకు ఆనుడుగా రెండు యాంగిల్ ముక్కలు. వాటి మధ్య సందు పలక వెడల్పులో సగమే ఉండాలి. ఎక్కువైతే పలక వంగి బెజ్జం ఏటవాలవుతుంది, తీగ ఒక పక్కకు చుట్టుకుపోతుంది.
3. లాగుడు పట్టకారు: పిడి చివర కొక్కెం ఉన్నది. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా కరుస్తుంది. మామూలు ప్లయర్ 20 కిలోల దగ్గరే జారిపోయింది.
4. వేలాడే డిజిటల్ కాటా, 50 కిలోలది: పట్టకారుకూ వించ్‌కూ మధ్య తగిలించాలి. ఇది లేకపోతే ఈ డైరీలో సగం అంకెలు లేవు.
5. 0.01 మి.మీ. మైక్రోమీటర్, 0.01 గ్రాముల తూకం, 10 రెట్ల భూతద్దం.
6. జిడ్డు: తేనెమైనం కరిగించి అందులో మూడో వంతు కొబ్బరి నూనె. ఇనుముకు మాత్రం బట్టల సబ్బు పొడి.

దశ 1: రాగి, 3.25 నుంచి 2.0 మి.మీ.

ఎర్తింగ్‌కు వాడే 10 గేజి రాగి తీగ, 600 మి.మీ. ముక్క, 44.6 గ్రాములు. కొన్న తీగ గట్టిగానే ఉంటుంది కాబట్టి ముందు ఒకసారి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. ఉక్కులా రాగి నీళ్లలో ముంచితే గట్టిపడదు, నిస్సంకోచంగా ముంచవచ్చు.

మొన చెక్కడం మీద తొందర పనికిరాదు. 35 మి.మీ. పొడవున, మెల్లగా సన్నబడేలా ఆకురాయితో రాయాలి. పొట్టిగా, గుబ్బగా చెక్కిన మొన బెజ్జంలోంచి 10 మి.మీ. కూడా బయటికి రాదు, పట్టకారుకు పట్టు దొరకదు. ఆకురాయి గీతలు అడ్డంగా మిగిలితే అక్కడే తెగుతుంది. చివర్న నిలువుగా ఎమరీ కాగితం వేసి తీరాలి.

బెజ్జాలను ఒకటి విడిచి ఒకటి వాడిన లెక్క, కాటా మీద స్థిరంగా నిలిచిన బరువుతో:

3.25 → 3.0: అడ్డుకోత వైశాల్యంలో తగ్గుదల 14.8 శాతం, 27 కిలోలు
3.0 → 2.8: 12.9 శాతం, 33 కిలోలు
2.8 → 2.6: 13.8 శాతం, 37 కిలోలు
2.6 → 2.4: 14.8 శాతం, 40 కిలోలు
2.4 → 2.2: 16.0 శాతం, 39 కిలోలు
2.2 → 2.0: 17.4 శాతం, 37 కిలోలు

తీగ లాగినకొద్దీ గట్టిపడుతోంది, అయినా చివర బరువు తగ్గుతోంది. వైశాల్యం పడిపోయే వేగం, గట్టిపడే వేగాన్ని దాటిపోతుంది కాబట్టి. చూడాల్సింది కిలోలు కాదు, చదరపు మిల్లీమీటరుకు ఎంత పడుతోందన్నది. చివరి లాగుడులో 37 కిలోలు అంటే 363 న్యూటన్లు, బయటికొచ్చిన తీగ వైశాల్యం 3.14 చ.మి.మీ. కాబట్టి 116 మెగాపాస్కల్ దాకా. ఆ స్థితిలో రాగి 350 వరకు తట్టుకుంటుంది. మూడో వంతే వాడుకుంటున్నాం, ఢోకా లేదు. ఈ నిష్పత్తి 0.6 దాటనివ్వకూడదని మొదట్నుంచీ పెట్టుకున్న నియమం.

మరి ఒక్కో బెజ్జం వరసగా ఎందుకు వాడలేదంటే, 3.0 నుంచి 2.9కి తగ్గుదల 6.6 శాతమే. అంత తక్కువ తగ్గిస్తే తీగ పై పొర మాత్రమే సాగుతుంది, నడుమ భాగం సాగకుండా లాగుడుకు లోనై లోపలే చిట్లుతుంది. బయటికి ఏమీ కనబడదు. తర్వాత ఎక్కడో సన్నబెజ్జంలో తెగినప్పుడు ఒక ముక్క చివర గుంట, రెండో ముక్క చివర బొడిపె ఉంటాయి. అలాంటి తెగుడు కనిపిస్తే తప్పు ఆ బెజ్జంలో లేదు, వెనక లావు బెజ్జాల దగ్గర వెతకాలి.

ఇప్పటికి మొత్తం: తీగ 1.51 మీటర్లు, 42.4 గ్రాములు. మొనల కింద పోయింది 2.2 గ్రాములు. వైశాల్యం తగ్గుదల 62 శాతం.

దశ 2: బల్ల వదిలి డ్రమ్ము

తీగ బల్ల కంటే పొడవైంది. మధ్యలో పట్టకారు మార్చి మళ్లీ పట్టుకుంటే పళ్ల గాట్లు పడతాయి. లావు తీగ మీద అవి మాసిపోయినట్టే అనిపిస్తాయి, 1.2 మి.మీ. దగ్గరికి వచ్చేసరికి ప్రతి తెగుడూ ఆ గాటు దగ్గరే. అందుకని 2.0 నుంచి కిందికి బల్ల పనికిరాదు.

మార్చింది: 150 మి.మీ. వ్యాసం చెక్క డ్రమ్ము, ఇనుప ఇరుసు, 250 మి.మీ. చేతిపిడి. 2.0 నుంచి 1.8కి లాగడానికి తీగ మీద 15 కిలోలు పడుతుంది, పిడి దగ్గర అది నాలుగున్నర, అయిదు కిలోలే. డ్రమ్ము అంచున చిన్న బిగింపు బోల్టు పెట్టి మొనను దాని కింద నొక్కాలి. వెనక తీగ చుట్ట వదులుగా తిరిగే చట్రం మీద ఉండాలి. నేల మీద పడేస్తే ముడి పడుతుంది, ముడి బెజ్జం దగ్గరికి వచ్చి ఆగిందంటే ఆ తీగ ఇక అంతే.

2.0 దగ్గర ఎనీలింగ్ (కాల్చి మెత్తబరచడం) చేసి 1.8, 1.6, 1.4, ఆ తర్వాత ప్రతి బెజ్జం: 1.3, 1.2, 1.1, 1.0. నిజానికి రాగికి ఇన్నిసార్లు కాల్చే అవసరం లేదు. తీగ ఫ్యాక్టరీల్లో 8 మి.మీ. రాగి కడ్డీని మధ్యలో కాల్చకుండానే 2 మి.మీ. దాకా దించుతారు, అంటే 94 శాతం తగ్గుదల. పట్టి లాగితే 30, 40 శాతం సాగి తెగే లోహం బెజ్జంలో ఇంత భరించడానికి కారణం, బెజ్జం గోడలు చుట్టూ నొక్కుతుండటం. ఆ నొక్కుడు లోపలి చిన్న చిట్లుళ్లను తెరుచుకోనివ్వదు. చేతి పనిలో కాల్చేది లోహం కోసం కన్నా చేతుల కోసం.

దశ 3: పెళుసైన రాగి

1.0 దగ్గర ఎనీలింగ్ అయ్యాక వింత మొదలైంది. మెత్తగా ఉండాల్సిన తీగ 0.9 బెజ్జంలోకి పోతూనే పుటుక్కున తెగింది. ఇంకో ముక్క చేత్తో మడిస్తే మడత బయటివైపు సన్నటి అడ్డపగుళ్లు. భూతద్దం కింద తెగిన ముఖం నున్నగా సాగి లేదు, రేణువులు రేణువులుగా, ఇటుక రంగులో ఉంది.

కారణం మంటలో ఉంది. కరెంటు పనికి వాడే మామూలు రాగిలో 0.02 నుంచి 0.04 శాతం దాకా ఆక్సిజన్ ఉంటుంది, కుప్రస్ ఆక్సైడ్ రూపంలో. గాలి తక్కువై పసుపు నాలుకతో మండే గ్యాస్ మంటలో హైడ్రోజన్ ఉంటుంది. 400 డిగ్రీలు దాటిన రాగిలోకి అది సులువుగా దూరి, ఆక్సైడ్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. హైడ్రోజన్ పరమాణువు దూరినంత తేలిగ్గా ఆవిరి బయటికి రాలేదు. రేణువుల హద్దుల దగ్గర ఇరుక్కుని లోపల్నుంచి పగలగొడుతుంది. అలా చెడిన తీగను మళ్లీ కాల్చినా, లాగినా బాగుపడదు.

1.0 మి.మీ. తీగ సన్నది కాబట్టి మంట నేరుగా తగిలిన కొద్దిసేపటికే నడిమి దాకా చెడింది. 2.0 దగ్గర అదే మంట పెద్దగా హాని చేయలేదు, పై పొర మాత్రమే పోయి ఉంటుంది.

మార్చింది:

1. తీగను గొట్టంలో పట్టేంత చుట్టగా బిగించి కట్టి, ఒక అంగుళంన్నర ఇనుప గొట్టాన్ని అడ్డంగా నొక్కి వెడల్పు చేసి అందులో పెట్టాలి. రెండు చివరలూ బంకమట్టితో మూయాలి. మట్టి పూర్తిగా ఆరాకే నిప్పుల్లో పెట్టాలి, లేకపోతే చెమ్మే ఆవిరై మూతను ఎగరగొడుతుంది.
2. కుంపటిలో బొగ్గు నిప్పుల మధ్య గొట్టం మసక ఎరుపు వచ్చేదాకా, చీకటి మూలలో చూస్తే కనబడేంత ఎరుపు. దాదాపు 550 డిగ్రీలు. పది నిమిషాలు చాలు.
3. తీసి గొట్టంతో సహా చల్లారనిచ్చి, పల్చటి నల్లపొరను నిమ్మ ఉప్పు వేడినీళ్లలో, లీటరుకు 50 గ్రాములు వేసి, తీయాలి. చింతపండు పులుసు కూడా అదే పని చేస్తుంది, కాస్త నిదానంగా.
4. కడిగి, ఆరబెట్టి, గుడ్డతో గట్టిగా తుడవాలి. నల్లపొర ముక్క ఒక్కటి బెజ్జంలో ఇరుక్కున్నా తీగ పొడవునా గీత పడుతుంది.

ఎరుపు బాగా ముదిరేదాకా ఉంచినా నష్టమే. రేణువులు పెద్దవై, తర్వాత వంచినప్పుడు తీగ ఉపరితలం నారింజ తొక్కలా గరుకెక్కుతుంది. లాగుడుకు పనికొస్తుంది గాని సన్నబెజ్జాల్లో ఊరికే తెగుతుంది.

ఎనీలింగ్ అంటే మెత్తబరచడమే అనుకునేవాళ్లకు ఒక ముక్క. టంగ్‌స్టన్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. దాన్ని వేడి మీదే, కానీ రేణువులు కొత్తగా ఏర్పడే ఉష్ణోగ్రత దాటనివ్వకుండా కొట్టి లాగితేనే తీగ అవుతుంది, దాటనిస్తే మళ్లీ పెళుసు. బల్బు తీగ కోసం విలియం కూలిడ్జ్ 1910 ప్రాంతంలో సాధించింది ఆ పద్ధతే. ఈ బల్ల మీద దాని జోలికి పోలేదు.

ఇప్పటికి మొత్తం: చెడిన ముక్కలు తీసేశాక 1.0 మి.మీ. తీగ 5.1 మీటర్లు, 35.9 గ్రాములు.

దశ 4: 0.1 మెట్టు ఎక్కడ మోసం చేస్తుంది

కొత్తగా ఎనీల్ చేసిన 1.0 తీగ 0.9, 0.8, 0.7 బాగానే దాటింది. 0.6 బెజ్జం కాస్త బిగుతు. 0.5 దగ్గర డ్రమ్ము పిడి తిప్పడంలో ఏమాత్రం కుదుపు వచ్చినా తెగుడే.

లెక్క వేస్తే తేలింది. పలక మీద మెట్టు అన్నిచోట్లా 0.1 మి.మీ. కానీ తగ్గుదల ఒకటి కాదు:

1.0 → 0.9: 19 శాతం
0.8 → 0.7: 23.4 శాతం
0.6 → 0.5: 30.6 శాతం
0.5 → 0.4: 36 శాతం
0.4 → 0.3: 43.8 శాతం

లాగుడు ఒత్తిడికి ఉజ్జాయింపు సూత్రం: తీగ గట్టిదనం × వైశాల్యాల నిష్పత్తి సహజ సంవర్గమానం, మొత్తాన్ని 0.6తో భాగించాలి. ఆ 0.6 రాపిడికీ, వృథా వంపులకూ పోయేదాని లెక్క. గట్టిపడిన రాగికి 400 మెగాపాస్కల్ పెడితే 0.6 నుంచి 0.5కి 243 వస్తుంది. తీగ తట్టుకునేది 410 ప్రాంతం, నిష్పత్తి 0.59, నియమం అంచు మీద ఉన్నాం. 0.4 నుంచి 0.3కి 383. నిష్పత్తి 0.93. అది ఎంత నెమ్మదిగా తిప్పినా రాదు.

మార్చింది: 0.05 మెట్టున్న రెండో పలక. 0.7, 0.65, 0.6, 0.55, 0.5, అక్కడ ఎనీలింగ్, తర్వాత 0.45, 0.4, 0.35, 0.3. చివరి మెట్టులో తగ్గుదల 26.5 శాతం. ఇష్టంగా లేదు, కానీ వచ్చింది. 0.30 తీగ మీటరు బరువు 0.63 గ్రాములు.

ఈ సైజులో మైక్రోమీటర్ కంటే తూకమే నమ్మకం. మైక్రోమీటర్ కనీస కొలత 0.01 మి.మీ. అంటే 0.30 మీద మూడు శాతం. మీటరు తీగను 0.01 గ్రాములకు తూచితే వ్యాసంలో తప్పు ఒక శాతం లోపే.

ఒక గ్రాము బంగారంతో రెండు కిలోమీటర్ల తీగ అని పుస్తకాల్లో ఉండే మాట ఇక్కడ కూర్చుని లెక్కేస్తే బాగుంటుంది. గ్రాము బంగారం 51.8 ఘన మి.మీ. రెండు కిలోమీటర్లకు సాగాలంటే వ్యాసం 0.0057 మి.మీ. చిప్పుల్లో వాడే 0.025 మి.మీ. బంగారు తీగైతే గ్రాముకు 105 మీటర్లే. ఉక్కు పలక, చెక్క డ్రమ్ము ఉన్నవాళ్లు ఆ రెండు కిలోమీటర్ల జోలికి పోనక్కర్లేదు.

ఇప్పటికి మొత్తం: 0.5 మి.మీ. రాగి పక్కన పెట్టింది 8 మీటర్లు, 14.1 గ్రాములు. 0.30 మి.మీ. రాగి 26 మీటర్లు, 16.5 గ్రాములు. మిగిలిన 5 గ్రాములు తెగిన ముక్కలు, మొనలు.

దశ 5: కొలతలు, వాటిలో గుంటలు

సాగుడు పరీక్ష 0.5 తీగ మీద, 250 మి.మీ. గుర్తుల మధ్య, కింద బకెట్ కట్టి సన్నటి ధారగా నీళ్లు పోస్తూ. తీగను వైస్‌లో బిగిస్తే దవడ అంచు దగ్గరే తెగుతుంది, ఆ అంకె చెత్త. నున్నటి 20 మి.మీ. కడ్డీకి నాలుగు చుట్లు చుట్టి, ఆ తర్వాత బిగించాలి.

లాగినది లాగినట్టే: 8 కిలోల దగ్గర తెగింది, సాగింది 3 మి.మీ. పైచిలుకు.
ఎనీల్ చేసింది: 4.4 కిలోలు, సాగింది 70 మి.మీ.

విద్యుత్ నిరోధం కోసం మామూలు మల్టీమీటర్‌ను తీగకు తగిలిస్తే దాని వైర్ల నిరోధమే 0.2, 0.3 ఓమ్ చూపిస్తుంది, మన మీటరు తీగది 0.09 మాత్రమే. కాబట్టి తీగలోంచి సరిగ్గా 1 ఆంపియర్ పంపి, లోపలివైపు మీటరు దూరంలో రెండు వేరే కొసలతో మిల్లీవోల్టులు చదవాలి.

33 డిగ్రీల గదిలో: లాగిన తీగ 94.8, అదే ముక్క ఎనీల్ అయ్యాక 92.3 మిల్లీవోల్టులు. తేడా 2.7 శాతం. పుస్తకంలో రాగి నిరోధకత 20 డిగ్రీలకు ఇస్తారు. డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి గది ఏడు డిగ్రీలు మారితే ఈ తేడా మొత్తం అందులోనే కలిసిపోతుంది. ఇంతకంటే పెద్ద గుంట వ్యాసం: 0.50ని 0.49గా చదివితే వైశాల్యంలో నాలుగు శాతం తప్పు. అందుకే రెండు వేర్వేరు ముక్కలను పోల్చకూడదు. ఒకే ముక్కను కొలిచి, కాల్చి, చల్లార్చి, అదే ఉష్ణోగ్రత దగ్గర మళ్లీ కొలవాలి.

దశ 6: అల్యూమినియం, ఇనుము

అల్యూమినియం 3.25 తీగ మెత్తన, బలం తక్కువ చాలు. మొదటి బెజ్జం 14 కిలోలు. కాసేపటికి కీచుమని శబ్దం, కాటా 26కి ఎగబాకింది, తీగ మీద నిలువు చారలు. లోహం బెజ్జం గోడకు అంటుకుపోతోంది. సూదితో గీకితే బెజ్జమే పాడవుతుంది. పలకను 10 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో పెడితే అల్యూమినియం కరిగిపోతుంది, ఉక్కుకు ఏమీ కాదు. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి కిటికీ తెరిచి, నిప్పు దూరంగా, కళ్లద్దాలు, చేతొడుగులు. బుడగలు ఆగాక కడిగి వెంటనే నూనె రాయాలి. మైనం మిశ్రమాన్ని బెజ్జంలో కాకుండా తీగంతా ముందే పూస్తే అంటుకోవడం బాగా తగ్గింది.

కాల్చేటప్పుడు ఎరుపు కోసం ఎదురుచూస్తే తీగ కారిపోతుంది. 660 డిగ్రీలకే కరుగుతుంది, అంతకుముందు పగటి వెలుతురులో రంగేమీ చూపదు. సబ్బుతో గీత గీసి, అది ముదురు గోధుమ రంగుకు రాగానే మంట తీసేయాలి. 1.0 దగ్గర ఆపాం.

ఇనుము: 18 గేజి కట్టుడు తీగ, 1.22 మి.మీ. సున్నపు నీళ్లలో ముంచి ఆరబెట్టి సబ్బు పొడిలోంచి లాగాలి, సున్నం సబ్బును పట్టి ఉంచుతుంది. 1.1 బెజ్జానికి 12 కిలోలు పైనే. 0.8 తర్వాత పలకకు గాట్లు పడుతున్నట్టు కనిపించి ఆపేశాం. రాగికి వాడే పలక మీద ఇనుమును లాగకండి, ఇనుముకు వేరే పలక పెట్టుకోండి.

దశ 7: తగరం, మెత్తనిదానికి తీగ రాదు

పాత్రలకు కళాయి వేసేవాళ్ల దగ్గర దొరికే తగరం కడ్డీ, సుత్తితో 3.2 మి.మీ.కు దించింది. వంచితే కిరకిరమంటుంది, లోపల స్ఫటికాలు ఒక్కసారిగా పక్కకు ఒరిగే చప్పుడది. వేలితో వంగేంత మెత్తన. రాగి కంటే సులువుగా వస్తుందని ఎవరైనా అనుకుంటారు.

3.2 నుంచి 3.0కి వచ్చింది. 2.8కి మొన బయటికి వచ్చాక, పట్టకారుకూ పలకకూ మధ్య తీగ సన్నబడుతూ సన్నబడుతూ తెగింది. తెగింది బెజ్జంలో కాదు, బయట. ఇదే అసలు ఆనవాలు.

రాగి బెజ్జంలో నలిగి బయటికి వచ్చేసరికి గట్టిపడి ఉంటుంది. అంటే లాగుడు మోసే తీగ, లోపల నలుగుతున్న తీగ కంటే బలమైనది. తగరం గట్టిపడదు. అది 232 డిగ్రీలకే కరుగుతుంది, గది వేడి దానికి అప్పటికే ఎక్కువ. కెల్విన్లలో చూస్తే, 20 డిగ్రీల గది ఒక్కో లోహం కరిగే ఉష్ణోగ్రతలో ఎంత భాగమంటే:

ఇనుము 0.16
రాగి 0.22
వెండి 0.24
అల్యూమినియం 0.31
జింకు 0.42
సీసం 0.49
తగరం 0.58

0.4 దాటిన శుద్ధ లోహాలు నలిగిన కాసేపటికే తమంతట తామే ఎనీల్ అయిపోతాయి. పైగా తగరం వేగంగా నలిపితే ఎక్కువ ఎదురుతిరుగుతుంది, నెమ్మదిగా బరువు వేలాడదీస్తే తక్కువకే సాగుతుంది. బెజ్జంలో నలుగుడు వేగం ఎక్కువ, బయట తీగ మీద పడేది నిలకడ బరువు. రెండూ తీగకు వ్యతిరేకంగానే పనిచేస్తాయి. ఒకచోట కాస్త సన్నబడితే అక్కడ గట్టిపడి ఆగాలి కదా, ఆగదు.

మార్చింది:

1. తగ్గుదల 10 శాతం లోపు. 2.0 నుంచి 1.9 అంటే 9.8 శాతం, ఇక్కడ ప్రతి బెజ్జం వాడాల్సిందే.
2. వించ్ వద్దు. డ్రమ్ము మీద, కుదుపు లేకుండా, చాలా నిదానంగా.
3. పట్టకారు పళ్లకు తోలు ముక్క. పళ్లు తగరాన్ని కోసేస్తాయి.
4. 2.0 తీగ తెగే బరువు నాలుగైదు కిలోలే కాబట్టి వెనక చుట్ట చట్రం బిగుసుకున్నా తెగుతుంది. చట్రానికి బేరింగ్ వేయాలి.

ఇలా 1.5 దాకా వచ్చింది, అంతకు మించి ఓపిక దండగ. తగరం, సీసం లాంటివాటిని ముందు లాగరు, ఉక్కు గొట్టంలో పెట్టి వెనక నుంచి నెట్టి బెజ్జంలోంచి బయటికి తీస్తారు. సోల్డర్ తీగ అలాగే నెట్టి తీసి, ఆ తర్వాతే కాస్త లాగి సైజుకు తెస్తారు. నెట్టినప్పుడు బయటికొచ్చిన తీగ ఏ బరువూ మోయనక్కర్లేదు. సీసం విషం కాబట్టి అసలు ముట్టుకోలేదు.

దశ 8: జింకు

పాత కార్బన్ బ్యాటరీ సెల్ డొక్కు నుంచి కత్తిరించిన పట్టీ. గది వేడిలో మడిస్తే పగిలింది. రాగి, వెండి, అల్యూమినియంలలో పరమాణువుల పొరలు జారడానికి 12 దారులున్నాయి. జింకు షడ్భుజ స్ఫటికం, అందులోనూ నిలువుగా సాగదీసిన రకం, చల్లగా ఉంటే ఒకే తలం మీద మూడు దిక్కులకే జారుతుంది.

వేరుశనగ నూనెను 130 డిగ్రీలకు కాచి, వంటింటి థర్మామీటర్‌తో చూస్తూ, పట్టీనీ కమ్మెచ్చునూ అందులోనే వేడిచేస్తే అదే పట్టీ మడతపడింది, గుండ్రంగా చుట్టుకుంది, 2.0 బెజ్జంలోంచి 1.8కి వచ్చింది. పలక చల్లగా ఉంటే సన్నటి తీగ తాకగానే చల్లారి మళ్లీ పగులుతుంది. 200 దాటనివ్వకూడదు, అక్కడ మళ్లీ పెళుసెక్కుతుంది. 100 నుంచి 150 మధ్యలోనే జింకు పని చేయాలన్న సంగతి మీద షెఫీల్డ్‌లో హాబ్సన్, సిల్వెస్టర్ 1805లో పేటెంటు తీసుకున్నారు. ఆ వేడి హద్దు ఇప్పటికీ అంతే ఇరుకు.

దశ 9: వెండి

999 వెండి, 25.0 గ్రాములు. మట్టి మూసలో వెలిగారం చల్లి కరిగించి, నూనె రాసి వేడిచేసిన ఇనుప అచ్చులో కడ్డీగా పోసింది.

మొదటి కడ్డీ పైన చిన్న చిన్న పుట్టలు లేచాయి. కరిగిన వెండి తన ఘనపరిమాణానికి ఇరవై రెట్లదాకా ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు ఒక్కసారిగా కక్కేస్తుంది. కక్కలేనిది లోపల బుడగగా మిగులుతుంది. అలాంటి కడ్డీ లావు బెజ్జాల్లో మంచిదానిలాగే నడుస్తుంది. 1.2 దగ్గర తీగ మీద పొక్కులు తేలి, 1.0లో పొక్కు పగిలి పొడవాటి చీలిక. దానికి మందు లేదు, మళ్లీ కరిగించడమే. రెండోసారి కరుగుతున్నంతసేపూ పైన పొడి బొగ్గుపొడి కప్పి ఉంచి, బొగ్గుతో సహా పోసింది. పుట్టలు రాలేదు.

కడ్డీని సుత్తితో దించేటప్పుడు చదరం నుంచి నేరుగా గుండ్రం చేయకూడదు. అంచులు మడతపడి లోపలికి పోతాయి, సన్నతీగ అయ్యాక అవే పెచ్చులుగా లేస్తాయి. చదరం, ఎనిమిది పలకలు, ఆ తర్వాత గుండ్రం. ప్రతి మార్పుకూ ముందు ఆకురాయితో అంచు మొద్దుబార్చాలి.

ఎనీలింగ్ రాగికి చెప్పిన గొట్టంలోనే, ఎరుపు కంటపడీ పడని స్థాయిలో. 0.4 కింద తీగ చుట్టను నేరుగా మంటకు చూపితే విడిగా నిలిచిన ఒక చుట్టు ముందు కరిగి తెగుతుంది. చుట్టలన్నీ ఒకదానికొకటి ఆనేలా బిగించి కట్టాలి. లాగుడు బరువులు రాగివాటి కంటే తక్కువే, వరస మాత్రం అదే. కరీంనగర్ వెండి తీగపని లాంటివాటికి చివర్న మెత్తటి తీగ కావాలి కాబట్టి 0.30 దగ్గర మరోసారి ఎనీల్ చేసి పెట్టింది.

లెక్క:

పోసిన కడ్డీ: 24.8 గ్రాములు
ఆకురాయి పని అయ్యాక: 24.1
1.0 మి.మీ.: 23.8 గ్రాములు, 2.89 మీటర్లు
0.5 మి.మీ.: 23.3 గ్రాములు, 11.3 మీటర్లు
0.30 మి.మీ.: 23.0 గ్రాములు, 31 మీటర్లకు కొంచెం తక్కువ

తగ్గిన రెండు గ్రాముల్లో రజను, మొన ముక్కలు కాగితం మీద పట్టి ఉంచినవే ఎక్కువ. తర్వాతి మూసలోకి అవే పోతాయి.

ఆ "కొంచెం తక్కువ"కు కారణం తూకంలో దొరికింది. 0.30 తీగ మొదట్లోంచి కోసిన మీటరు 0.74 గ్రాములు, చివర్లోంచి కోసిన మీటరు 0.77. అంటే వ్యాసం 0.300 నుంచి 0.306కి పెరిగింది. రాగి, వెండి కలిపి ఇన్ని మీటర్లు దాటేసరికి ఉక్కు బెజ్జం అరిగింది. భూతద్దంలో బెజ్జం ఒక పక్క అండాకారంగా సాగి ఉంది, తీగ ఎప్పుడూ ఒకే కోణంలో డ్రమ్ముకు పోవడం వల్ల. డ్రమ్ము ఇరుసును 8 మి.మీ. పైకి జరిపి బెజ్జానికి ఎదురుగా తెచ్చాం. 0.35, 0.30 బెజ్జాల మీద ఎరుపు పెయింటుతో గుర్తు పెట్టింది, వాటిలో ఇక కొలత కావాల్సిన తీగ లాగకూడదు. ఆ రెండు సైజులకు టంగ్‌స్టన్ కార్బైడ్ పలక రావాలి. నికెల్ పని అది వచ్చాకే.